గిఫ్ట్ కార్డు కొనే ముందు, అది ఎక్కడ ఖర్చవుతుందో చూసుకో

శ్రావ్యకు పిన్ని ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. నీ రూమ్మేట్లు క్రెడిట్ కార్డు మీద గిఫ్ట్ కార్డులు కొని, పాయింట్లు పోగేసి, ఇండియాకు టికెట్లు తీసుకుంటున్నారని, నువ్వూ మొదలుపెట్టొచ్చా అని అడిగావు. మొదలుపెట్టు తల్లీ, తప్పేం లేదు. మీ బాబాయి, నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పనే ఇది. కానీ నువ్వు ఓపీటీ మీద ఉన్నావు, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొన్నాళ్లు పనిచేసే అనుమతి మీద. నీ రూమ్మేట్లలో ఎవరికైనా గ్రీన్ కార్డు ఉంటే వాళ్లు వేసే అడుగులన్నీ నువ్వు వేయకూడదు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. క్రెడిట్ కార్డు కంపెనీ నువ్వు ఏం కొన్నావని కాదు, ఏ రకం షాపులో గీకావని చూసి పాయింట్లు ఇస్తుంది. కిరాణా షాపులో బియ్యం కొన్నా, అక్కడే వేలాడే అమెజాన్ గిఫ్ట్ కార్డు కొన్నా, చాలాసార్లు దాని కంటికి రెండూ కిరాణా ఖర్చే. కిరాణాకు 5 శాతం, మిగతా వాటికి 1 శాతం ఇచ్చే కార్డు నీ దగ్గర ఉంటే, అమెజాన్‌లో పెట్టబోయే ఖర్చును కిరాణా షాపు మీదుగా నడిపిస్తే 4 శాతం ఎక్కువ వస్తుంది. ఇందులో ఇంతకు మించిన మంత్రం ఏమీ లేదు.

ఇప్పుడు లెక్క చూడు. చేజ్ ఫ్రీడమ్ ఫ్లెక్స్‌నే తీసుకుందాం. దానికి ఏడాది ఫీజు లేదు. మూడు నెలలకోసారి కేటగిరీలు మారుతుంటాయి, యాప్‌లోకి వెళ్లి యాక్టివేట్ చేసుకోవాలి, ఆ మూడు నెలల్లో 1,500 డాలర్ల దాకా 5 శాతం. కిరాణా కేటగిరీ వచ్చిందనుకో. నీ ఇంటి సరుకులే నెలకు 300 డాలర్లయితే మూడు నెలలకు 900. అంటే గిఫ్ట్ కార్డులకు మిగిలేది 600 మాత్రమే. చాలామంది ఇక్కడే పొరబడతారు. మొత్తం 1,500కీ గిఫ్ట్ కార్డులు కొనేసి 75 డాలర్లు లాభం అంటారు, సరుకులకు ఎలాగూ వచ్చే 45 డాలర్లు, 1 శాతం లెక్కన తొమ్మిదికి పడిపోయాయని గమనించరు.

మిగిలిన 600లో, ఏ షాపులోనైనా చెల్లే వీసా కంపెనీ గిఫ్ట్ కార్డు 500 డాలర్లది ఒకటి కొంటే, యాక్టివేషన్ ఫీజు ఎనిమిది డాలర్ల దాకా ఉంటుంది. 5 శాతం చొప్పున 25 వస్తే, ఫీజు పోను 17 మిగులుతుంది. అదే 600కీ నువ్వు ఎలాగూ కొనే షాపుల గిఫ్ట్ కార్డులు తీసుకుంటే ఫీజే ఉండదు, 30 డాలర్లూ నీవే. 5 శాతం పరిమితి దాటాక వీసా కార్డు కొన్నావో, 500కి 1 శాతం చొప్పున ఐదు డాలర్లు వచ్చి ఎనిమిది పోతాయి. కాబట్టి నా మాట విని మొదట షాపుల కార్డులతోనే మొదలుపెట్టు. ఎక్కడైనా చెల్లుతుంది కదా అని వీసా కార్డు ఊరిస్తుంది, కానీ ఆ వెసులుబాటుకు ఫీజు కట్టేది నువ్వే.

ఆఫీసు సామాన్ల షాపుల మాట కూడా చెబుతాను, ఎందుకంటే నీ స్నేహితులు తప్పకుండా చెప్పే ఉంటారు. స్టేపుల్స్, ఆఫీస్ డిపోల్లో అప్పుడప్పుడు వీసా, మాస్టర్‌కార్డ్ గిఫ్ట్ కార్డులు కొనుగోలు ఫీజు లేకుండా అమ్ముతారు. అక్కడ 5 శాతం ఇచ్చే చేజ్ ఇంక్ క్యాష్ లాంటి కార్డులతో జనం వరుస కట్టేది అందుకే. కానీ అది బిజినెస్ కార్డు. దరఖాస్తులో నీకు వ్యాపారం ఉందని రాయాలి. విద్యార్థి వీసా మీద ఉన్నదానివి, లేని వ్యాపారం ఉందని రాస్తే అది అబద్ధం. ఉందని ఒప్పుకుంటే, చేసే అనుమతి ఎక్కడిదని రేపు అడుగుతారు. అటువైపు వెళ్లకు. నాలుగు పాయింట్ల కోసం ఆ టెన్షన్ నీకు వద్దు.

కొత్త కార్డుకు ఇచ్చే వెల్‌కమ్ బోనస్ కోసం ఖర్చు చూపించాల్సిన మూడు నెలల్లో గిఫ్ట్ కార్డుల జోలికి అస్సలు వెళ్లొద్దు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అయితే గిఫ్ట్ కార్డులు, ముందే డబ్బు వేసి వాడే ప్రీపెయిడ్ కార్డులు లెక్కలోకి రావని షరతుల్లోనే రాసి పెట్టింది. ఒక్కోసారి పాయింట్లు పడినా, తర్వాత వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది. ఖాతా మూసేస్తే అందులో ఉన్న పాయింట్లన్నీ పోతాయి. ఏ కార్డయినా సరే, ఆ షరతుల కాగితం ఒక్కసారి కూర్చుని చదువు. ఇంకొకటి, ప్రీపెయిడ్ కార్డు కొనడాన్ని కొన్ని బ్యాంకులు క్యాష్ అడ్వాన్స్ (కార్డు మీద తీసుకున్న నగదు అప్పు) కింద రాసుకుంటాయి. అప్పుడు పాయింట్లు రాకపోగా ఫీజు పడుతుంది, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నీ కార్డు క్యాష్ అడ్వాన్స్ పరిమితిని వీలైనంత కిందికి దించమని అడుగు. దించితే, అలాంటి లావాదేవీ పడబోయినప్పుడు కార్డు అక్కడే డిక్లైన్ అవుతుంది.

ఇక షాపులో కార్డు తీసుకునేటప్పుడు చూసుకోవాల్సినవి. ఈ రోజుల్లో దొంగలు ప్యాకెట్లు విప్పి, నంబర్లు రాసుకుని, మళ్లీ అతికించి, యథాస్థానంలో వేలాడదీసి పోతున్నారు. నువ్వు డబ్బు కట్టి యాక్టివేట్ చేయించిన కాసేపటికే అందులోది ఖాళీ అవుతుంది. ఇది ఎంత ముదిరిందంటే, ప్రభుత్వం 2023 చివర్లో ప్రాజెక్ట్ రెడ్ హుక్ పేరుతో ప్రత్యేకంగా దర్యాప్తు మొదలుపెట్టింది. అందుకని స్టాండులో అన్నిటికన్నా ముందున్నది తీయకు. తీసిన ప్యాకెట్ అంచుల వెంట బొటనవేలు పోనిచ్చి చూడు. అట్ట ఎక్కడైనా ఉబ్బినా, జిగురు గరుకుగా తగిలినా, అంచు చీరుకున్నట్టున్నా పక్కన పెట్టెయ్. వెనక బార్‌కోడ్ మీద గోరుతో గీకు. అది అట్ట మీద అచ్చయి ఉండాలి, ఇంకో స్టిక్కర్ అంటించినట్టు గోరుకు తగలకూడదు. పిన్ మీద వెండి రంగు పూత గీరినట్టుంటే వద్దు. బిల్లు చేతికి రాగానే, అందులో కార్డు చివరి అంకెలు ఉంటే లోపలి కార్డుతో సరిచూడు. కార్డు రెండు వైపులా, రసీదు, మూడూ ఫోటో తీసి ఉంచు. డబ్బు మాయమైతే నీ చేతిలో ఉండే సాక్ష్యం అంతే. బ్యాలెన్స్ ఎంతుందో గూగుల్‌లో వెతికి చూడొద్దు, అచ్చం అలాగే ఉండే దొంగ సైట్లు ఉంటాయి. కార్డు వెనక అచ్చయిన సైటు పేరు నువ్వే టైపు చెయ్యి.

ఖర్చు పెట్టేటప్పుడు వచ్చే చిక్కులు చిన్నవే. పెట్రోలు బంకులో పంపు దగ్గర వీసా గిఫ్ట్ కార్డు గీకితే, పోసుకునే దానికన్నా ఎక్కువ మొత్తం పట్టి ఉంచబోయి తిరగ్గొడుతుంది. లోపలికెళ్లి ఫలానా ఇంతకు అని చెప్పి కట్టు. హోటళ్లకు, అద్దె కార్లకు అస్సలు వాడకు. అడుగున మిగిలే రెండు మూడు డాలర్లను షాపులో క్యాషియర్‌కు చెప్పి, ఇంత ఈ కార్డు మీద, మిగతాది ఆ కార్డు మీద అని విడగొట్టించుకో. సామాను వెనక్కిచ్చే గడువు తీరేదాకా ఖాళీ కార్డు కూడా పారేయకు, రిఫండ్ మళ్లీ దాని మీదకే వస్తుంది. ల్యాప్‌టాప్, ఫోన్ లాంటివి మాత్రం గిఫ్ట్ కార్డుతో కొనకు. క్రెడిట్ కార్డుతో నేరుగా కొంటే కొన్ని కార్డులు అదనపు వారంటీ, దొంగతనానికి రక్షణ ఇస్తాయి. ఆ రక్షణ ముందు నాలుగు శాతం ఏపాటిది? కాలపరిమితి గురించి అంత బెంగ అక్కర్లేదు. 2009 నాటి కార్డ్ చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డులో డబ్బు కనీసం ఐదేళ్లు చెల్లుతుంది, వాడకుండా ఏడాది గడవకముందే ఫీజు కోయకూడదు. అలాగని డ్రాయర్‌లో పేర్చి పెట్టుకోకు. నెలలో ఖర్చయ్యేంత వరకే కొను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది రాస్తున్నాను. నిదానంగా చదువు.

నీ స్నేహితుల్లో కొందరు వీసా గిఫ్ట్ కార్డులతో మనీ ఆర్డర్లు (ముందే డబ్బు కట్టి తీసుకునే చెక్కుల్లాంటివి) కొని, వాటిని బ్యాంకులో వేసి, ఆ డబ్బుతోనే క్రెడిట్ కార్డు బిల్లు కట్టి, మళ్లీ కార్డులు కొంటుండవచ్చు. ఏమీ కొనకుండా డబ్బును చక్రంలా తిప్పడం అన్నమాట. ఇందులో ఏ దారైనా కొన్నాళ్లే ఉంటుంది. డాలర్ నాణేలు చెలామణిలోకి రావాలని 2008లో అమెరికా ప్రభుత్వ నాణేల ముద్రణశాల, యూఎస్ మింట్, వాటిని ముఖవిలువకే, పోస్టు ఖర్చు కూడా లేకుండా ఇంటికి పంపింది. జనం క్రెడిట్ కార్డు మీద పెట్టెలకు పెట్టెలు తెప్పించి, సరాసరి బ్యాంకులో జమ చేసి విమాన టికెట్లకు పనికొచ్చే మైళ్లు సంపాదించారు. 2011 జూలైలో మింట్ క్రెడిట్ కార్డులు తీసుకోవడం ఆపేసింది. టార్గెట్ షాపు ప్రీపెయిడ్ కార్డులోకి క్రెడిట్ కార్డుతో డబ్బు వేసే వీలు 2015లో పోయింది. 2016 జనవరిలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్లూబర్డ్, సర్వ్ అనే తన ప్రీపెయిడ్ ఖాతాలు చాలామందివి మూసేసింది. తలుపు మూసుకున్న రోజున చేతిలో కట్టలుగా కార్డులున్నవాళ్ల గతి ఆలోచించు. వాటిని నగదు చేసుకునే దారి ఉండదు, బిల్లు గడువు మాత్రం ఆగదు. 20 శాతం దాటిన వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలబడవు.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. పోస్టాఫీసులో మనీ ఆర్డర్ ఒక్కొక్కటి 1,000 డాలర్ల దాకా ఇస్తారు. ఒకే రోజు 3,000, అంతకు మించి కొంటే గుర్తింపు కార్డు చూపి ఫారం నింపాలి. ఆ ఫారం తప్పించుకోవడానికి కొంచెం ఇవాళ, కొంచెం రేపు, కొంచెం ఇంకో ఆఫీసులో అని విడగొట్టడమే నేరం. డబ్బు కడిగిన ముత్యంలా స్వచ్ఛమైనదైనా నేరమే. దీన్ని స్ట్రక్చరింగ్ అంటారు. అలాంటి డిపాజిట్లు కనబడితే బ్యాంకు నీకు చెప్పకుండానే పైకి రిపోర్టు పంపుతుంది, కారణం చెప్పకుండానే ఖాతా మూసేస్తుంది. పౌరులైతే ఇంకో బ్యాంకు వెతుక్కుంటారు. నీకు రేపు హెచ్‌వన్ ఉద్యోగ వీసా ఉంది, పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఉంది.

పన్ను సంగతి కూడా ఉంది. వర్జీనియాలో ఒక జంట 2013, 2014ల్లో ఇదే పద్ధతిలో మూడు లక్షల డాలర్లకు పైగా రివార్డులు సంపాదించింది. పన్నుల శాఖ ఐఆర్ఎస్ పట్టుకుంటే కేసు టాక్స్ కోర్టు దాకా వెళ్లింది. గిఫ్ట్ కార్డులు కొన్నందుకు వచ్చిన రివార్డులు ధర తగ్గింపు లాంటివే, వాటికి పన్ను లేదని 2021లో తీర్పు వచ్చింది. కానీ నేరుగా మనీ ఆర్డర్లు కొన్నందుకు, ప్రీపెయిడ్ కార్డుల్లో డబ్బు వేసినందుకు వచ్చినవి ఆదాయమే, పన్ను కట్టాలంది. నీ కిరాణా 30 డాలర్లకు ఈ గొడవే లేదు.

ఎవరైనా, ఎంత తెలిసినవాళ్లయినా, కార్డులు కొనిపెట్టు కమిషన్ ఇస్తామంటే, లేదా వాళ్ల దగ్గరున్న కార్డులు తక్కువ ధరకు తీసుకోమంటే వద్దని చెప్పు. ముసలివాళ్లను భయపెట్టి కొనిపించిన కార్డులు ఇలాగే చేతులు మారుతుంటాయి. గిఫ్ట్ కార్డు మోసాల కేసుల్లో ఇండియా నుంచి విద్యార్థి వీసాల మీద వచ్చిన పిల్లలు కూడా ఇరుక్కున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో అలాంటి మెసేజ్ వస్తే జవాబివ్వకుండా బయటికి వచ్చెయ్.

ఈ వారం నువ్వు చేయాల్సింది ఇంతే. గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి, కిరాణాకు ఎంత, అమెజాన్‌కు ఎంత, బయట తిండికి ఎంత అని కాగితం మీద రాయి. పూర్తి బిల్లు గడువులోపు కట్టేలా ఆటోపే పెట్టావో లేదో చూడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, ఆ కాగితం ముందు పెట్టుకుని ఏ షాపు కార్డు ఎంతకు కొనాలో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

ఉంటాను.
మీ పిన్ని