మెడకు దెబ్బ తగిలితే ఒకరికి వెంటిలేటర్, మరొకరికి అక్కర్లేదు: ఎందుకు?

చెన్నైలో బైక్ మీంచి పడిన మీ బావగారు వెంటిలేటర్ మీద ఉంటే, అలాగే మెడ విరిగిన పక్క బెడ్ ఆయన సొంతంగా ఊపిరి తీస్తున్నారేమిటని అడిగారు. ఊపిరి తీయమనే ఆజ్ఞ మెదడు అడుగున ఉన్న మెడుల్లాది. వెన్నుపాము దాన్ని కిందికి చేరవేస్తుంది, అంతే. ఊపిరికి ముఖ్యమైన కండరం డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర. దాని నరం మెడలోని వెన్నుపాము 3, 4, 5 సెగ్మెంట్ల (పైనుంచి లెక్కపెట్టే భాగాల) నుంచి బయల్దేరుతుంది. అంతకంటే పైన వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే ఆజ్ఞ అక్కడే ఆగిపోతుంది, వెంటిలేటర్ తప్పదు. 4 దగ్గరైతే ముందే చెప్పలేం. కొందరు మెల్లగా మెషీన్ నుంచి బయటపడతారు. 5 కంటే కిందైతే డయాఫ్రం ఆడుతుంది గానీ, పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు చచ్చుబడి గట్టిగా దగ్గలేరు. నన్నడిగితే అసలు టెన్షన్ ఈ దగ్గుతోనే: కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. దెబ్బ ఏ లెవెల్లో ఉంది, పూర్తిగానా పాక్షికంగానా అని డాక్టరుగారిని అడగండి.