టోలుయీన్ తేలుతుంది, ఆవిరి పాకుతుంది

ప్రశ్న: పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీ గోదాములో పని నాది. టోలుయీన్ అనే మండే ద్రావకం భద్రతా పత్రంలో సాంద్రత 0.87 అనీ, ఆవిరి సాంద్రత 3.2 అనీ ఉంది. వీటినెలా కొలుస్తారు సార్? మాకేం పని?
– ఒక పాఠకుడు, రణస్థలం

జవాబు: మొదటిది ద్రవానిది బాబూ. 25 మి.లీ. సాంద్రత సీసాను ఖాళీగానూ నింపీ తూచి, తేడాను 25తో భాగించాలి. 20 డిగ్రీల దగ్గర టోలుయీన్ 21.67 గ్రాములు తూగాలి. శ్రీకాకుళంలో ఓ మే నెల మధ్యాహ్నం నాకు 21.3 వచ్చింది. సీసానే అనుమానించి రెండుసార్లు కడిగాను. తప్పు ఎండది! 35 డిగ్రీలకు ద్రవం వ్యాకోచించింది. అందుకే ఉష్ణోగ్రత రాయని సాంద్రతను నేను నమ్మను.

నీటికన్నా తేలిక కనుక, మంట మీద నీళ్లు కొడితే తేలుతూ మంటను మోసుకుపోతుంది. నురుగో పొడో వాడండి.

రెండోది మామూలుగా లెక్కే: అణుభారం 92ను గాలి సగటు 29తో భాగించడం. గాలికి మూడు రెట్ల బరువున్న ఆ ఆవిరి నేలబారుగా పాకి, ఎక్కడో వెల్డింగ్ నిప్పురవ్వకు అంటుకోగలదు. మీ గోదాము ఫ్యాను పైకప్పులోనే ఉందా? కింద కూడా ఒకటి అడగండి.