పాత పేటకే తిరిగి వెళ్ళవచ్చునా?

ప్రశ్న: 2012 వరకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి, తరువాత విజయనగరం వచ్చేసిన నాకు ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. పాత పేటలోనే ఇల్లు తీసుకోవచ్చునా?

జవాబు: నిస్సంకోచంగా తీసుకోండి. మీరున్న రోజుల్లో లేని మెట్రో రైలు 2018లో ఎల్‌బీ నగర్ వరకు, 2019లో హైటెక్ సిటీ వరకు వచ్చినందున, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారితే, రోడ్డు మీది రద్దీతో పని లేకుండా మాదాపూర్ స్టేషన్‌లోనే దిగవచ్చు. అమీర్‌పేటలో ఉదయం, సాయంత్రం వేళల్లో ఉండే తొక్కిడిని మాత్రం ఓర్చుకోవలసిందే. స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఇల్లు చూసుకోండి. లోపలి కాలనీలో అద్దె కొంత తగ్గినా, రోజూ రెండు పూటలా ఆటోకయ్యే ఖర్చు ఆ మిగులును తినేస్తుంది. పాత ఇరుగుపొరుగువారెవరైనా ఇంకా అక్కడే ఉంటే, బ్రోకరు కంటే ముందు వారినే అడగండి; ఏ వీధిలో వేసవి నీటికి ఇబ్బంది ఉంటుందో వారికే బాగా తెలుస్తుంది.