అన్నీ ట్రై చేశాను, నా దారేదో తెలియట్లేదు

ప్రశ్న: ఫోటోగ్రఫీ కోర్సు రెండో ఏడాదిలో ఉన్నాను. స్ట్రీట్, పోర్ట్రెయిట్, లాంగ్ ఎక్స్‌పోజర్, సయనోటైప్ (ఎండలో వేసే నీలిరంగు ప్రింట్లు) అన్నీ చేశాను. ఈమధ్య నానమ్మ గదిలో తీస్తున్నాను. మధ్యాహ్నం ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటుంటే వెలుగు సరిగ్గా చేతుల మీద పడుతుంది. అవి ఎవరికీ చూపించలేదు. పోర్ట్‌ఫోలియో కలగాపులగంగా ఉందని మాస్టారు అన్నారు. ఫ్రెండ్స్‌కి అప్పుడే ఓ స్టైల్ వచ్చేసింది. నాన్నేమో ‘చివరికి ఏమవుతావ్?’ అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

జవాబు: మిగతావన్నీ ఒక్కో మాటలో దాటేసి, నానమ్మ దగ్గరికొచ్చేసరికి కళ్లద్దాలు, కిటికీ, చేతుల మీద వెలుగు అన్నీ రాశారు, చూసుకున్నారా? మీ మనసు దేని మీద నిలుస్తోందో మీ ఉత్తరమే చెబుతోంది. అదే మీ దారి అని నేను తేల్చను గానీ, వెతకడం అక్కడ మొదలుపెట్టండి.

రెండో ఏడాదిలో నాలుగు రకాలు ప్రయత్నించడం తప్పేం కాదు, చదువుకునే రోజుల్లో కాకపోతే ఇంకెప్పుడు చేస్తారు? మీరు తీస్తూ పోయారు, తీసినవాటితో కూర్చోలేదు, అంతే. ఫోటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955లో అమెరికా చుట్టిరావడం మొదలుపెట్టి తీసిన వేల ఫోటోల్లోంచి చివరికి పుస్తకానికి ఎంచుకున్నవి 83. ఆ ఏరుకోవడంలోనే ఆయన చూపేంటో బయటపడింది. మీరూ చిన్న చిన్న ప్రింట్లు వేయించి, ఏది స్ట్రీటో ఏది పోర్ట్రెయిటో పట్టించుకోకుండా అన్నీ కలిపి నేల మీద పరచండి. దగ్గరికెళ్లి తీస్తున్నారా, దూరంగా నిలబడుతున్నారా? ముఖాలెక్కువా, చేతులెక్కువా? పక్కనుంచి వచ్చే వెలుగు మళ్లీ మళ్లీ కనిపిస్తోందా? రెండ్రోజులు అలాగే వదిలేసి మళ్లీ చూడండి. తర్వాత కొన్ని నెలలు ఒకే లెన్స్, 35 ఎంఎం గానీ 50 ఎంఎం గానీ, ఒకే గది. విసుగొస్తే ఆపేయండి, అదీ తెలుసుకోవాల్సిన విషయమే. ఒక్క మాట, ఎవరికైనా చూపించే ముందు నానమ్మని అడగండి, ప్రింట్లు ముందు ఆవిడ చేతికే ఇవ్వండి.

ఫ్రెండ్స్ స్టైల్ గురించి బెంగ వద్దు. అన్నిటికీ ఒకే ప్రీసెట్ (ముందే సిద్ధం చేసిన రంగుల సెట్టింగ్) వేస్తే ఎవరి ఫోటోలైనా ఒకే తీరుగా కనిపిస్తాయి.

నాన్నగారు అడుగుతున్నది స్టైల్ గురించి కాదు, మీ బతుకుతెరువు గురించి. రెంటినీ కలిపేసుకుని మీరు టెన్షన్ పడుతున్నారు. సెలవుల్లో ఎవరైనా ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరతాననో, ప్రొడక్ట్ షూట్లు, రీటచింగ్ నేర్చుకుంటాననో చెప్పండి. చేతిలో పని ఉంటుందని తెలిస్తే ఆయన కాస్త కుదుటపడతారు, సొంత ఫోటోల విషయంలో మీకూ తొందర తగ్గుతుంది.

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే కాలేజీ కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి, పోర్ట్‌ఫోలియో ఓ కొలిక్కి వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేయొద్దు.