టెక్ సందేహాలు: ‘యాక్సెప్టెడ్’ అని వచ్చింది, ఇక అయిపోయినట్టేనా?

ఈ మధ్య అమెరికా నుంచి వచ్చే ప్రశ్నల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కంటే అపార్ట్‌మెంట్ల గోల ఎక్కువైంది. నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెడతారు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఓ పాత అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ కొనడానికి తెలిసినవాళ్ల దగ్గర పెట్టుబడి తీసుకుంటారు. అలా పెట్టుబడి తీసుకుంటున్నామని అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి తెలిపే ‘ఫారం డి’ లాంటి ఫారాలు వేసే రోజు వచ్చేసరికి తల పట్టుకుని నాకు మెయిల్ రాస్తారు. చట్టం సంగతి మీ అటార్నీని అడగండి, సైట్ల సంగతి నేను చెబుతాను.

ఎస్‌ఈసీకి ఫారం డి ఆన్‌లైన్‌లో వేశాం. ‘యాక్సెప్టెడ్’ అని మెయిల్ వచ్చింది. మా ఇన్వెస్టర్లు టెక్సస్, న్యూయార్క్, ఫ్లోరిడాల్లో ఉన్నారు. రాష్ట్రాలకు కూడా అదే వెళ్లిపోతుందా? (టెక్సస్ నుంచి ఒక పాఠకుడు)

వెళ్లదు. ఇదే ప్రశ్న రకరకాల ఊళ్ల నుంచి వస్తూనే ఉంది. ఆ మెయిల్‌కు అర్థం మీ ఫైలు ఎడ్గార్ అనే ఎస్‌ఈసీ ఆన్‌లైన్ ఫైలింగ్ సిస్టమ్‌లోకి చేరిందని మాత్రమే. మీ ఆఫరింగ్‌ను (పెట్టుబడి ప్రతిపాదనను) ఎవరో చదివి బాగుందని సంతకం పెట్టినట్టు కాదు. దాన్ని ఫ్రేమ్ కట్టించి ‘ఎస్‌ఈసీ అప్రూవ్డ్’ అని ఇన్వెస్టర్లకు పంపేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

రూల్ 506 (ఎస్‌ఈసీలో రిజిస్టర్ చేయకుండా పెట్టుబడి తీసుకునే వెసులుబాటు) కింద చేసే ప్రైవేట్ ఆఫరింగ్‌లను రిజిస్టర్ చేయించుకోమనే అధికారం రాష్ట్రాలకు 1996 నాటి ఫెడరల్ చట్టంతో పోయింది. నోటీసు అడగడం, ఫీజు వసూలు చేయడం, మోసం జరిగితే పట్టుకోవడం మాత్రం వాటి చేతుల్లోనే ఉన్నాయి. అందుకని ఇన్వెస్టరు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం నోటీసు అడుగుతుందో లేదో చూసుకోవాలి. దీనికి రాష్ట్రాల సెక్యూరిటీస్ అధికారుల సంఘం నడిపే ఈఎఫ్‌డీ అనే వేరే సైటు 2014 చివరి నుంచి ఉంది. ఎడ్గార్‌లో మీరు వేసిన ఫారం డి వివరాలను అది తీసుకుంటుంది. రాష్ట్రాలు ఎంచుకుని ఫీజు కట్టాలి. టెక్సస్‌లో, అక్కడ అమ్మే మొత్తంలో 0.1 శాతం, గరిష్ఠంగా 500 డాలర్లు. న్యూయార్క్ 2020 చివరి దాకా తన సొంత ఫారం పట్టుకుని వేలాడింది, ఇప్పుడు అదీ ఈఎఫ్‌డీలోకి వచ్చింది. ఆఫరింగ్ 5 లక్షల డాలర్లు దాటితే అక్కడ 1,200, లోపల అయితే 300. ఫ్లోరిడా 506కు ఈ నోటీసు అడగదు.

ఎడ్గార్‌లో ఉన్న ఫారం డి సమాచారమంతా బహిరంగమే, కంప్యూటర్ నేరుగా చదువుకోగలిగేదే. మరి ‘ఈ రాష్ట్రాలకు కూడా పంపు’ అని ఒక్క బటన్ పెట్టడానికి ఏమొచ్చింది? రెండు సైట్లు, రెండు లాగిన్లు. మధ్యలో ‘మీ పని ఇంకా సగమే అయింది’ అని కొట్టొచ్చినట్టు గుర్తుచేసే వాక్యం కనపడదు. మనిషి మర్చిపోతాడని తెలిసి కూడా గుర్తుచేయని డిజైన్‌కు మనిషిని తిట్టి లాభం లేదు.

గడువు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మొదటి అమ్మకం జరిగిన రోజు నుంచి 15 రోజుల్లో ఫారం డి పడాలి. ఎక్కువమంది బ్యాంకులో డబ్బు పడిన రోజు నుంచి లెక్కపెడతారు. అది తప్పు. మొదటి ఇన్వెస్టరు ఇక వెనక్కి తగ్గలేని విధంగా ఒప్పందానికి కట్టుబడిన రోజే లెక్క. రాష్ట్రాల్లో సాధారణంగా ఆ రాష్ట్రంలో జరిగిన మొదటి అమ్మకం నుంచి చూస్తారు కాబట్టి టెక్సస్ గడువు, న్యూయార్క్ గడువు వేర్వేరు రోజుల్లో పడవచ్చు.

ఆ రోజు ఏదో తేల్చడానికి మీరు చూసేది ఈ-సైన్ యాప్. ఈ యాప్‌లంటే నాకు ఎప్పుడూ చిరాకే. పేజీ మీద తేదీ పెద్ద అక్షరాలతో వేస్తాయి, అది ఏ దేశపు టైమో చాలాసార్లు చెప్పవు. హైదరాబాద్ వచ్చిన మీ ఇన్వెస్టరు పొద్దున్నే 7 గంటలకు సంతకం పెడితే డాలస్‌లో అప్పటికింకా ముందు రోజు రాత్రే. అసలు టైము డాక్యుమెంట్ చివర సర్టిఫికెట్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పేజీ కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రెండు తేదీల్లో ముందుది పట్టుకుని లెక్కపెడితే టెన్షన్ ఉండదు. ఆఫరింగ్ ఏడాది దాటి నడుస్తుంటే ఫారం డికి ఏటా సవరణ వేయాలి, అదీ క్యాలెండర్‌లో పెట్టండి.

మేం హైదరాబాద్ నుంచి బ్యాక్ ఆఫీస్ పని చేస్తాం. అమెరికాలో ఉన్న మా సార్ లాగిన్‌తోనే ముగ్గురం ఎడ్గార్‌లోకి వెళ్తాం. ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది, అక్కడ అర్ధరాత్రి. వేరే దారి ఉందా?

ఉంది. ఆ దారిలో వెళ్లాలనే సిస్టమ్‌ను మార్చారు. ఇదివరకు కంపెనీకి కొన్ని కోడ్‌లు ఇచ్చేవాళ్లు, అవి ఎక్సెల్ షీట్‌లో పడి ఆఫీసంతా తిరిగేవి. 2025 సెప్టెంబరు నుంచి ఎడ్గార్‌లో ఎవరి లాగిన్ వాళ్లదే, లాగిన్ డాట్ గవ్ ద్వారా, రెండంచెల తనిఖీతో. కంపెనీ తరఫున అకౌంట్ అడ్మినిస్ట్రేటర్లు కనీసం ఇద్దరు ఉండాలి (ఒక్కరే నడిపే కంపెనీకి ఒక్కరు చాలు). మిగతావాళ్లను యూజర్లుగా చేర్చుకోవచ్చు. మీ సార్ పది నిమిషాలు కూర్చుని మీ ముగ్గురి మెయిల్ ఐడీలు చేరిస్తే ఆయన నిద్ర ఆయనది, మీ పని మీది. ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. విదేశీ నంబర్లకు మెసేజ్ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

అలా చేయకుండా ఓటీపీని వాట్సాప్‌లో చెప్పించుకుంటే రేపు తప్పుడు ఫైలింగ్ పడినప్పుడు రికార్డులో ఉండేది మీ సార్ పేరు, అడిగేది మాత్రం మిమ్మల్ని.

ఫారం డి వేసిన కొద్దిరోజులకే ‘మీ స్టేట్ ఫైలింగ్ పెండింగ్‌లో ఉంది, ఈ లింకులో ఫీజు కట్టండి’ అని మెయిల్ వచ్చింది. మా కంపెనీ పేరు, తీసుకున్న మొత్తం అన్నీ కరెక్టుగా ఉన్నాయి. కట్టొచ్చా? (న్యూజెర్సీ)

కట్టకండి. వివరాలన్నీ కరెక్టుగా ఉన్నాయంటే దానికి కారణం వాటిని లోకానికి చెప్పింది మీరే కావడం. ఫారం డి ఎవరైనా ఉచితంగా చదవచ్చు. కంపెనీ ఫోన్ నంబరు, డైరెక్టర్లు, ఆఫీసర్లు, ప్రమోటర్ల పేర్లు, చిరునామాలు, ఎంత సమీకరించాలనుకున్నారు, ఇప్పటికి ఎంత వచ్చింది, మొదటి అమ్మకం తేదీ, బయటివాళ్ల నుంచి కనీసం ఎంత తీసుకుంటారు, ఎంతమంది పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. ఇన్వెస్టర్ల పేర్లు మాత్రం ఉండవు. దొంగకు అవి అవసరం కూడా లేదు. కంపెనీలో ఒక్కరి మెయిల్ చేతికి చిక్కితే చాలు, ‘బ్యాంకు అకౌంట్ మారింది, రెండో విడత ఇక్కడికి పంపండి’ అని మీ మాటలతోనే మీ ఇన్వెస్టర్లకు రాయగలడు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ రెండో మెయిలే. మొదటిదాంట్లో పోయేది కొన్ని వందల డాలర్లు, రెండోదాంట్లో పోయేది ఒకరి ఇల్లు అమ్మిన డబ్బు.

ఫారం డికి ఎస్‌ఈసీ ఫీజే తీసుకోదు. రాష్ట్రం ఫీజు విషయంలో మెయిల్‌లోని లింకు నొక్కకుండా ఈఎఫ్‌డీ అడ్రస్ మీరే టైప్ చేసి లోపలికెళ్లి మీ ఫైలింగ్ ఏ స్థితిలో ఉందో చూడండి. డబ్బు పంపే అకౌంట్ మార్పు ఎప్పటికీ మెయిల్‌లో చెప్పం అని ఇన్వెస్టర్లకు మొదటి రోజే చెప్పేయండి. అలాంటిదేమైనా వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని, అప్పుడు నమ్మాలి. మెయిల్ కింద ఇచ్చిన నంబరుకు కాదు, అది కూడా దొంగదే.

చిరునామా దగ్గర ఇంకో గొడవ. బ్రౌజర్ ఆటోఫిల్ ఉంది చూశారూ, అడక్కుండానే పెళ్లిలో వడ్డించేసే మేనమామ లాంటిది. పేరు కొట్టగానే కింద మీ ఇంటి అడ్రస్ నింపేస్తుంది. మీరు చూడకుండా సబ్మిట్ కొడతారు. ఆ తర్వాత సవరణ వేసినా పాత ఫైలింగ్ అక్కడే ఉంటుంది, మీ పిల్లలు ఉండే ఇంటి నంబరుతో సహా. చాలామంది అందరికీ కంపెనీ ఆఫీసు చిరునామానే ఇస్తారు. ఆఫీసు లేకపోతే మీకు తగిన చిరునామా ఏదో ఫైల్ చేయకముందే అటార్నీతో తేల్చుకోండి. ఇలాంటి పనులకు ఆటోఫిల్ ఏమీ లేని కొత్త బ్రౌజర్ ప్రొఫైల్ వాడండి.

506(బి) అని టిక్ పెట్టి ఫైల్ చేశాం. మా పార్ట్‌నర్ అదే రోజు బ్రోచర్‌ను 800 మంది ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొడితే సరిపోతుందా?

506(బి)లో బహిరంగంగా ప్రచారం చేయకూడదు. చేయాలనుకుంటే 506(సి) ఉంది. అందులో కొనేవాళ్లంతా అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లే అయి ఉండాలి (ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం, భార్యాభర్తలకు కలిపి 3 లక్షలు, లేదా ఉంటున్న ఇల్లు కాకుండా 10 లక్షల నికర ఆస్తి, ఇవీ వ్యక్తులకు ప్రధాన కొలతలు). అది మాటమీద నమ్మితే చాలదు, సరిచూసుకోవాలి.

వాట్సాప్‌లో కొట్టేస్తే చాట్‌లోంచి పోతుంది, అప్పటికే దాచుకున్నవాళ్ల ఫోన్లలో మాత్రం ఉండిపోవచ్చు. పైగా కొట్టేసినట్టు గుర్తు కూడా మిగులుతుంది. ముందు ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తేదీ, టైముతో సహా తీసి ఈరోజే అటార్నీకి పంపండి, తీసేయాలో ఉంచాలో ఆయన చెబుతారు. అదే గ్రూపులో ఎవరైనా సోషల్ సెక్యూరిటీ నంబరున్న డబ్ల్యూ-9 (పన్ను వివరాల ఫారం) ఫొటో పెట్టి ఉంటే మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. పెట్టినవాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి తీయించండి, తమ పేరుతో ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకోమనండి.