ఇంజనూ గేరుబాక్సూ విడివిడిగా కొనవచ్చునా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గరి పల్లె. 2006 మోడల్ టాటా 207 డి.ఐ. పికప్‌లో కూరగాయలు వేసుకొని వారానికి మూడుసార్లు సాలూరు, సుంకి ఘాటు మీదుగా కోరాపుట్ వెళ్తుంటాను. నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి ఇప్పుడు నీలిపొగ వదులుతోంది, ఆయిలు తాగుతోంది. మూడో గేరు దానంతటదే ఊడిపోతోంది. మా మెకానిక్ టాటా 407 చిన్న లారీ ఇంజన్ వేద్దామంటున్నారు. మహీంద్రా పికప్ ఇంజన్, గేరుబాక్సు చవకగా దొరుకుతాయని మరొకరు చెబుతున్నారు. ఏది మేలు?

సమాధానం: కొనడానికి ముందు మీ ఇంజన్ నిజంగా పనికిరాకుండా పోయిందేమో తేల్చుకోండి. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కాసేపు మాత్రమే నీలిపొగ వచ్చి తగ్గిపోతే తప్పు వాల్వు గైడ్లు, సీళ్లది కావచ్చు. ఇంజన్ పైభాగమైన హెడ్డు పనితో సరిపోతుంది. బరువుతో ఎక్కుడు ఎక్కుతున్నంతసేపూ పొగ వస్తూ, ఇంజన్ తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీస్తే ఆవిరి జోరుగా తన్నుతుంటే పిస్టన్ రింగులు, బోర్లు (సిలిండర్ల లోపలి గోడలు) అరిగాయని అర్థం. అప్పుడు కూడా బ్లాకు (ఇంజన్ ప్రధాన దిమ్మ) పగలకుండా, క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు) గ్రైండింగుకు నిలిచేలా ఉంటే, మీ ఇంజన్‌నే బోరు చేయించుకోవడం, అంటే సిలిండర్లను లోపల చెక్కించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో తెలియని తుక్కుబండి ఇంజన్ కంటే లోపలి సంగతి అంతా తెలిసిన సొంత ఇంజన్ నమ్మదగినది. మూడో గేరు ఊడిపోవడానికి సాధారణంగా గేరు పళ్ల అంచులు, గేరును జరిపే సెలెక్టర్ ఫోర్కు, బేరింగులు అరగడం కారణమవుతుంది. వీటి కోసం గేరుబాక్సు మొత్తాన్ని మార్చనక్కరలేదు.

మార్చక తప్పదనుకుంటే 207 డి.ఐ. ఇంజన్‌నే, దాని గేరుబాక్సుతో జతగా వెతకండి. 407లో వచ్చినదీ 2956 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజనే గనుక సరిపోతుందని మీ మెకానిక్ అనుకొని ఉండవచ్చు. అయితే కొలత ఒకటైనంత మాత్రాన ఇంజన్ ఒకటి కాదు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం) ఉన్న 407 ఇంజన్ తిప్పే బలం ఎక్కువ. ఆ బలాన్ని మీ క్లచ్, గేరుబాక్సు, వెనుక ఇరుసులోని క్రౌను, పినియను గేర్లు ఘాటులో ఎంతకాలం మోస్తాయన్నది చూసుకోవాలి. మహీంద్రా వారి 2523 సి.సి. ఇంజన్ చెడ్డదని కాదు గాని, మౌంటింగులు, బెల్ హౌసింగ్ (ఇంజన్‌ను గేరుబాక్సుతో కలిపే తొడుగు), ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసుకు వెళ్లే కడ్డీ) పొడవు, రేడియేటరు గొట్టాలు అన్నీ వేరు గనుక, చవకగా కొన్నది వెల్డింగు, లేతు పనుల ఖర్చుతో ప్రియమవుతుంది. పైగా గేరు నిష్పత్తులు క్రౌనుకు పొసగకపోతే, దిగుడులో చిన్న గేరు బండిని ఆపవలసినంత ఆపదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. సుంకి ఘాటులో వారానికి మూడుసార్లు దిగే మీకు ఇది ప్రాణాల మీది విషయం.

పాత ఇంజన్, గేరుబాక్సుల జతను చూడడానికి వెళ్లేటప్పుడు మీ క్లచ్ ప్లేటును వెంట తీసుకువెళ్లండి. అది ఆ గేరుబాక్సు షాఫ్టు మీద పట్టకుండా జారాలి, ఊగకూడదు. మీరు చేరేసరికే ఇంజన్ వేడిగా ఉంటే, చల్లారేదాకా ఆగి మళ్లీ స్టార్టు చేయించండి. చల్లటి ఇంజన్ దాచలేని లోపాలు వేడి ఇంజన్ దాచేస్తుంది. లారీల ఊరైన సాలూరు మీ దారిలోనే ఉంది కాబట్టి, అక్కడ చేయి తిరిగిన మెకానిక్‌కు ఒకసారి చూపించడం సులువు.

కాగితాల సంగతి పక్కన పెట్టవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లోని వివరాలకు భిన్నంగా బండిని మార్చాలంటే ముందే రవాణా శాఖ అనుమతి పొందాలి, మార్చిన 14 రోజుల్లోగా తెలియజేయాలి. అమ్మేవారి దగ్గర ఇంజన్ నంబరు వేసిన రసీదు, పాత బండి కాగితాలు తీసుకోండి. ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లవలసిన మీ బండిలో బ్లాకు మీద ఒక నంబరు, ఆర్.సి.లో మరొక నంబరు ఉంటే చిక్కే.

బోరు చేయించినట్లయితే మొదటి వెయ్యి కిలోమీటర్లు తక్కువ బరువుతో మైదానంలోనే తిప్పి, ఆయిలు, ఫిల్టరు మార్చిన తరువాతే ఘాటు ఎక్కించండి.