సాయంత్రం ఏడు దాటితే భూమి కొలిచే నా జీపీఎస్ రోవర్‌కి ఫిక్స్ రావడం లేదు. మిషన్ పాడైనట్టేనా?

మిషన్ బాగానే ఉంది. పొద్దున ఆరింటికి నిక్షేపంలా పనిచేసి, రాత్రి ఏడున్నరకి ఫ్లోట్‌లో పడిపోతోందని మీరే రాశారు. (ఫిక్స్ అంటే సెంటీమీటర్లలో నమ్మదగ్గ రీడింగు, ఫ్లోట్ అంటే అది కుదరక అటూ ఇటూ తేలే రీడింగు.) పైగా మార్చి నెల అన్నారు. నాకు ఆ రెండు ముక్కలు చాలు.

ఇది తెలుసుకోవడానికి నాకు ఆరేడు నెలలు పట్టింది, డబ్బూ వదిలింది. 2024 మార్చి చివర్లో, భీమవరం అవతల రొయ్యల చెరువు ఒకటి, అన్నదమ్ముల పంపకం. ఎండకి జడిసి నాలుగింటికి మొదలుపెట్టాను. పదకొండు హద్దురాళ్ళలో పది పాతించేసరికి చీకటి పడింది. ఆఖరిదానికి రోవర్ బిగించిన పోల్ నిలబెట్టాను, ఫిక్స్ ఉంది, గుర్తు పెట్టాను, కూలీ గుంత తవ్వాడు. ఎందుకైనా మంచిదని మళ్ళీ చూస్తే పాయింటు నలభై సెంటీమీటర్లు తమ్ముడి వైపు జరిగింది. ఇంకోసారి చూస్తే ఫ్లోట్. తమ్ముడుగారు సెల్‌ఫోన్ లైటు నా మొహం మీద వేసి, "ఏవండీ, మా అన్నయ్య మీకు విడిగా ఏమైనా ముట్టజెప్పాడా?" అన్నాడు. పది రాళ్ళు సరిగ్గా పాతిన మనిషిని పదకొండోదాని దగ్గర దొంగనయ్యాను. సామాను సర్దుకుని వచ్చేశాను. మర్నాడు తెల్లారగట్ల అదే బేస్ (ఒకచోట కదలకుండా పెట్టి, రోవర్ తప్పును సరిదిద్దే రెండో రిసీవర్), అదే పోల్. అయిదుసార్లు చూస్తే అయిదుసార్లూ రెండు సెంటీమీటర్ల లోపే.

డీలర్ తొమ్మిది రోజులు ఉంచుకుని, యాంటెన్నా మార్చి, బిల్లు చేతిలో పెట్టాడు. ఏప్రిల్‌లో మళ్ళీ అదే తంతు. వానాకాలంలో ఊరుకుంది, యాంటెన్నా మార్చిన పుణ్యమే అనుకున్నాను. దసరా ముందు మళ్ళీ మొదలు. విశాఖలో ఫిజిక్స్ చదివే మా మేనల్లుడు పండక్కి వచ్చి, "మావయ్యా, ఎన్నింటికి పోతోంది? ఏ నెలల్లో?" అని రెండే అడిగాడు. చెప్పాను. నవ్వాడు.

వాడు చెప్పింది ఇది. పగలు ఎండకి ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న గాలి విద్యుదావేశం ఉన్న కణాలుగా, అంటే అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి ఒక పొరలా ఉంటుంది. పొద్దుగూకగానే ఆ పొర అడుగుభాగం తొందరగా పలచబడుతుంది, పైభాగం చిక్కగానే ఉంటుంది. అయస్కాంత భూమధ్యరేఖ మీద, అంటే మన దేశం దక్షిణపు కొస దగ్గర, సరిగ్గా ఆ వేళకే విద్యుత్ క్షేత్రం ఆ పొరను మరింత పైకి ఎత్తుతుంది. నూనె మీద నీళ్ళు పోస్తే ఏమవుతుంది? నీళ్ళు దిగుతాయి, నూనె బొట్లుబొట్లుగా పైకి తేలుతుంది. అక్కడా అంతే, అడుగున ఉన్న పలచటి భాగం బుడగలై లేస్తుంది. ఒక్కోసారి వెయ్యి కిలోమీటర్లు దాటి పోతుందట. బుడగ ఎంత ఎత్తు లేస్తే అయస్కాంత రేఖల వెంట అంత దూరం ఉత్తరానికి, దక్షిణానికి సాగుతుంది. కన్యాకుమారి దగ్గర పుట్టింది భీమవరం మీదికి వచ్చేది అలాగే. శాటిలైట్ల సిగ్నల్ ఈ బుడగల గుండా వస్తే అల్లాడిపోతుంది, రోవర్ దాన్ని పట్టుకోలేదు. మార్చి, ఏప్రిల్, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్ దీనికి సీజను. సూర్యుడికి 11 ఏళ్ళకోసారి వచ్చే ఉద్ధృతి తోడైతే ఇక చెప్పక్కర్లేదు, 2024 అలాంటి ఏడే.

బేస్ పక్కనే ఉంది కదా, రెండిట్లో తప్పు ఒకటే అయి కొట్టుకుపోవాలి కదా అని నేనూ వాదించాను. ఆ పొరలో సిగ్నల్‌కి అయ్యే ఆలస్యం నెమ్మదిగా మారేదైతే కొట్టుకుపోతుంది. కానీ సిగ్నల్‌ని ఆడించే ఈ అలజడులు కొన్ని వందల మీటర్ల సైజువి. కిలోమీటరు దూరంలో ఉన్న బేస్‌కి కనబడేది ఒక ఆట, రోవర్‌కి ఇంకో ఆట.

ఇదేమీ కొత్త సంగతీ కాదు. పెరూలోని హువాంకాయోలో ఆ పొర మీదికి పంపిన రేడియో తరంగాల ప్రతిధ్వనులు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయని 1938లోనే రాశారు. మన తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌లో ఈ బుడగలు పొగమబ్బుల్లా లేవడం ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. ఇంత ఉండి, మాకిచ్చిన రెండు రోజుల ట్రైనింగులో చెప్పిందేమిటయ్యా అంటే చెట్ల కింద పెట్టొద్దు, సిమ్‌లో డేటా చూసుకోండి, అని. చీకటి పడ్డాక పాతిన ప్రతి హద్దురాయీ నాకు అనుమానమే. సెంటు లక్షల్లో పలికే చోట సూర్యాస్తమయం తర్వాతి రోవర్ రీడింగు చెల్లదని రూలు పెట్టాలంటాను. అతిగా ఉందంటారా, ఆ సెల్‌ఫోన్ లైటు మీ మొహం మీద పడితే తెలుస్తుంది.

మీ సంగతికొస్తే, ఫ్లోట్ పడ్డప్పుడు శాటిలైట్ల సిగ్నల్ బార్లు చూడండి. కొన్ని స్థిరంగా ఉండి, ముఖ్యంగా దక్షిణం వైపువి, ఎగిరెగిరి పడుతుంటే ఇదే. తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి పెట్టి చూడండి. అప్పుడూ ఫిక్స్ రాకపోతే మాత్రం యాంటెన్నా కేబుల్ సంగతి చూసుకోండి.